ఆర్.డిస్. ముద్ర పడ్డ కణాలు

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా రాజమహేంద్రవరంలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. గురించి, ఆరోగ్య కార్డుల గురించి నాకు ముందు మాట్లాడినవారు చెప్పవలసిందంతా చెప్పారు. భోజనాలకు ముందు ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు నన్ను ఆదేశించారు. నేను డాక్టరును కాను. రెవెన్యూ శాఖలో గుమాస్తాగా చేరి, ఫైళ్ళ దుమ్ములోనే తల నెరిసినవాణ్ణి. నా మనవరాలు కాకినాడలో వైద్యవిద్య చదువుతోంది. సెలవులకు ఇంటికొచ్చినప్పుడు దాని పుస్తకాలు నేను చదువుతాను, నా సందేహాలు అది తీరుస్తుంది. ఇవాళ చెప్పబోయేది అలా ఏడాదిగా పోగుచేసుకున్న సరుకు. ఒక డాక్టరు మిత్రుడి చేత సరిచూపించాను కూడా.

విషయం ఏమిటంటే, మన ఒంటికున్న జ్ఞాపకశక్తి. తలలో ఉండే జ్ఞాపకం కాదు. కళ్ళజోడు ఎక్కడ పెట్టామో మరిచిపోయే వయసులో కూడా, యాభై అరవై ఏళ్ళనాటి శత్రువును గుర్తుపట్టి తరిమేసే జ్ఞాపకం ఒకటి మన నెత్తురులో తిరుగుతోంది. అది ఎలా ఏర్పడుతుంది, ఎవరు దాన్ని నిలబెడుతున్నారు అన్నదే నా ప్రసంగం.

డెబ్బై దాటినవారు చొక్కా చేతిని కాస్త పైకి లాగి జబ్బ చూసుకోండి. గుండ్రంగా, లోపలికి నొక్కినట్టున్న మచ్చలు చాలామందికి కనిపిస్తాయి. అది మశూచికం టీకా. మా చిన్నతనంలో ఆ జబ్బును ఎవరూ ఆ పేరుతో పిలిచేవారు కాదు. 'అమ్మవారు పోసింది' అనేవారు. గుమ్మానికి వేపమండలు కట్టేవారు, ఆ ఇంటివైపు పిల్లల్ని పోనిచ్చేవారు కాదు. టీకాలవాడు ఊళ్ళోకి వచ్చాడంటే పిల్లలంతా అరటితోటల్లో దాక్కునేవారు. మునసబుగారి మనిషి వెతికి పట్టుకొచ్చేవాడు. ఆ పట్టుకురావడం వల్లే 1975 తర్వాత మన దేశంలో ఆ జబ్బు లేదు. 1980 మే నెలలో ప్రపంచంలోనే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది.

జబ్బు పోయింది సరే, ఆనాటి టీకా తాలూకు జ్ఞాపకం ఒంట్లో ఉన్నదా? అమెరికాలో ఆరెగాన్ రాష్ట్రపు శాస్త్రజ్ఞులు దీన్ని పరీక్షించి 2003లో ప్రకటించారు. టీకా వేయించుకుని ఇరవై అయిదేళ్ళ నుంచి డెబ్బై అయిదేళ్ళ దాకా అయినవారి నెత్తురు తీసి చూశారు. నూటికి తొంభైమందికి పైగా మనుషుల్లో ఆ వైరస్‌ను ఎదిరించే సరంజామా ఏదో ఒక రూపంలో గట్టిగానే మిగిలి ఉంది. అందులో ఒక భాగం యాంటీబాడీలు. అవి దాదాపు తగ్గకుండా నిలిచాయి. రెండో భాగం టి కణాలు. అవి తగ్గుతూ వచ్చినా, సగానికి తగ్గడానికి ఎనిమిది నుంచి పదిహేనేళ్ళు పట్టింది. అన్నేళ్ళలో ఆ మనుషుల్లో ఎవరికీ మశూచికం సోకలేదు. ఎవరూ గుర్తుచేయకుండానే ఒళ్ళు గుర్తుపెట్టుకుంది.

టి కణం అంటే తెల్ల రక్తకణాల్లో ఒక జాతి. ఎముకల మూలుగలో పుట్టి, రొమ్ము ఎముక వెనకున్న థైమస్ అనే గ్రంథిలో తర్ఫీదు పొంది బయటికి వస్తుంది. ఒక్కో కణానికి ఒక్కో శత్రువు ఆనవాలు మాత్రమే తెలుసు. ఫలానా సర్వే నంబరు తప్ప ఇంకేదీ పట్టని కరణం లాంటిదనుకోండి. ఆ ఆనవాలు తగలనంతకాలం తిరుగుతూ ఉంటుంది. తగిలిందా, ఆరేడు గంటలకొకసారి రెండుగా చీలుతూ పోతుంది. ఎలుకల్లో లెక్కగట్టినవారు, మొదట వందల్లో ఉన్న కణాలు వారం రోజులు తిరిగేసరికి కోటి దాకా అవుతాయని చూశారు. ఇవి పోయి, రోగం పట్టిన కణాలను వెతికి చంపుతాయి. జబ్బు తగ్గుతుంది. ఆ తర్వాత రెండు మూడు వారాల్లో ఈ సైన్యంలో నూటికి తొంభై, తొంభై అయిదు కణాలు చచ్చిపోతాయి. మిగిలిన అయిదో పదో మాత్రం ఏళ్ళ తరబడి బతుకుతాయి. వాటినే జ్ఞాపక టి కణాలు అంటారు.

మనవరాలు ఇది చెబుతుంటే, "మరి చచ్చేవాటికీ బతికేవాటికీ తేడా ఏమిటే? అన్నీ ఒక తల్లి పిల్లలే కదా?" అని అడిగాను. "అదే తాతయ్యా, అసలు ప్రశ్న" అంది.

సోదరులారా, మనలో తాలూకా కచేరీల్లో, కలెక్టరాఫీసులో పనిచేసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. ఫైలు మీద తుది ఉత్తరువు అయిపోయాక, కట్ట కట్టేముందు నంబరు పక్కన రెండు మూడు అక్షరాలు వేసేవాళ్ళం. ఎల్.డిస్. అని వేస్తే ఏడాదికి చింపేసేది. డి.డిస్. అంటే పదేళ్ళు. ఆర్.డిస్. అంటే శాశ్వతంగా రికార్డు గదిలో ఉండవలసింది. ఫైలు ఎంత లావుగా ఉందన్నది లెక్క కాదు. ఎంతమంది ఆఫీసర్లు దానిమీద ఎర్ర సిరా చల్లారన్నదీ లెక్క కాదు. ఆ అక్షరం ఏదన్నదే లెక్క. టి కణాల్లోనూ అంతే. చాలావాటిమీద ఎల్.డిస్. పడుతుంది, కొద్దివాటిమీద ఆర్.డిస్. పడుతుంది. ఆ ముద్ర వేసే చేతుల్లో ముఖ్యమైనవి సైటోకైన్లు.

సైటోకైన్ అంటే ఒక కణం ఇంకో కణానికి పంపే తాఖీదు. చిన్న మాంసకృత్తు. రక్తంలోకో, పక్కనున్న కణజాలంలోకో విడుదలవుతుంది. దాన్ని అందుకునే పెట్టె ఏ కణం పైభాగాన ఉన్నదో ఆ కణమే చదువుకుంటుంది. పెట్టె లేని కణానికి ఎన్ని తాఖీదులు వచ్చినా ఒకటే. వీటిలో చాలావాటికి ఇంటర్‌ల్యూకిన్ అని పేరు పెట్టి నంబర్లు వేశారు. కనిపెట్టిన వరసలో నంబర్లు వేసుకుంటూ పోయారు, మన జీవోల మాదిరిగానే. ముప్పై దాటిపోయాయి. భయపడకండి, ఇవాళ మనకు నాలుగు చాలు. రెండు, ఏడు, పన్నెండు, పదిహేను.

ఇంటర్‌ల్యూకిన్-2 అంటే 'పెరగండి' అనే తాఖీదు. 1976లో అమెరికాలో కనిపెట్టారు. పన్నెండోది 'యుద్ధం తీవ్రంగా ఉంది' అని చెప్పేది. ఏడోదీ పదిహేనోదీ యుద్ధం అయిపోయాక నిలిచినవాటిని పోషించేవి.

ఇక్కడ నాకు చాలా ఆశ్చర్యం కలిగించిన సంగతి మనవి చేస్తాను. యుద్ధం ఎంత భీకరంగా ఉంటే జ్ఞాపకం అంత గట్టిగా పడుతుందని మనం అనుకుంటాం. అలా కాదట. 2007లో ఎలుకల మీద చేసిన పరిశోధనలో, పన్నెండో నంబరు తాఖీదు మరీ ఎక్కువగా అందిన కణాలు గొప్ప యోధులయ్యాయి కాని తొందరగా చచ్చిపోయాయి. తక్కువగా అందినవి జ్ఞాపకం వైపు మొగ్గాయి. రెండో నంబరు విషయంలోనూ ఇలాంటిదే చూశారు. ఎక్కువకాలం, ఎక్కువ మోతాదులో తగిలితే కణం పోరాటంలోనే అరిగిపోతుంది.

ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నీటిమట్టం పదకొండు ముప్పాతిక అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. పదమూడు ముప్పాతికకు రెండోది. పదిహేడు ముప్పాతికకు మూడోది. 1986 ఆగస్టు వరదల్లో డ్యూటీ చేసినవారు ఈ హాల్లో ఇంకా కొందరున్నారు. మూడో హెచ్చరిక ఎగురుతున్నప్పుడు మనం ఏం చేశాం? లంకల్లోంచి జనాన్ని పడవలెక్కించాం, ఇసుక బస్తాలు మోయించాం, పులిహోర పొట్లాలు పంచాం. ఎక్కడ గండి పడింది, ఏ రేవులో ఎన్ని పడవలు పనికొచ్చాయి, ఏ గట్టు బలహీనం అన్న వివరాలు ఆ రోజుల్లో ఎవరైనా రాశారా? నీళ్ళు తీశాక, హెచ్చరిక దించాక, కచేరీలో ఫ్యాను కింద కూర్చుని రాశాం. ఆ రిజిష్టరే తర్వాతి వరదలకు ఉపయోగపడింది. హెచ్చరిక అసలు ఎగరకపోతే మనం కదలం, దించకపోతే రాయం. సైటోకైన్ల ఏర్పాటు కూడా ఇంతే. మొదట గట్టిగా రావాలి, తర్వాత సమయానికి తగ్గాలి.

ఇక ఈ శాస్త్రంలో మనవాళ్ళ పాత్ర చెప్పకపోతే తప్పవుతుంది. జ్ఞాపక టి కణాల మీద ప్రపంచంలో పేరెన్నికగన్నవారిలో డాక్టర్ రఫీ అహ్మద్ ఒకరు. హైదరాబాదులో పుట్టి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బి.ఎస్సీ. చదివి, అమెరికా వెళ్ళి హార్వర్డులో పరిశోధన చేసి పట్టా పొందారు. అట్లాంటా నగరంలోని ఎమరీ విశ్వవిద్యాలయపు టీకా కేంద్రానికి అధిపతిగా పనిచేశారు. ఆయన బృందం 1999లో ఒక చిక్కుముడి విప్పింది. అప్పటిదాకా చాలామంది ఏమనుకునేవారంటే, శత్రువు తాలూకు తునక ఏదో ఒంట్లో మిగిలి ఉండి, అప్పుడప్పుడూ కణానికి కనబడుతూ ఉంటేనే జ్ఞాపకం నిలుస్తుందని. ఆ తునకను చూపించే ఏర్పాటే లేని ఎలుకల్లోకి జ్ఞాపక కణాలను ఎక్కించి చూశారు. అక్కడా హాయిగా బతికాయి. ఆ వ్యాసానికి మొదటి పేరు కాజా మురళీకృష్ణగారిది. ఇంటిపేరు చదవగానే నేను కళ్ళజోడు సవరించుకుని మళ్ళీ చూశాను.

అయితే శత్రువు కనబడకపోయినా వాటిని బతికిస్తున్నదెవరు? 2003లో అదే బృందం చెప్పింది. యుద్ధం ఉధృతంగా ఉన్నప్పుడే, కోటి కణాల మధ్యలో కొద్ది శాతం కణాలు ఏడో నంబరు తాఖీదు పెట్టెను నిండుగా నిలుపుకొని ఉంటాయి. మిగతావి ఆ పెట్టెను తీసేసుకుంటాయి. పెట్టె ఉన్న ఆ కొద్దివాటిని ఏరి వేరే ఎలుకల్లోకి ఎక్కిస్తే అవే జ్ఞాపక కణాలయ్యాయి. అంటే ఆర్.డిస్. ముద్ర కట్ట కట్టిన రోజున పడేది కాదు, ఫైలు నడుస్తుండగానే పెన్సిలుతో గుర్తు పడుతోందన్నమాట. ఇక పదిహేనో నంబరు రికార్డు కీపరు లాంటిది. అది లేని ఎలుకల్లో కొన్ని రకాల జ్ఞాపక కణాలు క్రమంగా హరించుకుపోయాయి. రికార్డు గదిలో ఏటా కట్టలు విప్పి, దులిపి, చెదలు చూసి, చిరిగిన అట్టలు మార్చి మళ్ళీ కట్టేవాళ్ళు చూడండి, అలా ఆ కణాలను ఎప్పుడో ఒకసారి రెండుగా చీలనిచ్చి, పోయినవాటి స్థానం భర్తీ చేయిస్తుంది.

ఎప్పుడో ఒకసారి అంటే ఎంతకాలానికి? మనుషుల్లో దీన్ని లెక్కగట్టిన తీరు నాకు మహా ముచ్చటేసింది. ఎల్లో ఫీవర్ టీకా వేసుకున్న వాలంటీర్ల చేత మోతాదు ప్రకారం భారజలం తాగించారు. భారజలం అంటే మన గోదావరి ఒడ్డునే మణుగూరు కర్మాగారంలో అణు రియాక్టర్ల కోసం తయారుచేసేది. కొంచెంగా తాగితే హాని లేదు. ఆ సమయంలో పుట్టిన కణాల డి.ఎన్.ఏ.లో దాని గుర్తు పడుతుంది. కణం చీలినకొద్దీ ఆ గుర్తు పలచబడుతుంది. ఆ పలచబడే వేగం చూసి, ఈ జ్ఞాపక కణాలు టీకా వేసిన మొదటి రెండు వారాల్లో విపరీతంగా పెరిగిన గుంపులోంచే వచ్చాయనీ, ఆపైన ఏడాదికి ఒక్కసారి కూడా చీలడం లేదనీ 2017లో ప్రకటించారు. ఆ వ్యాసానికి మొదటి పేరు రమా అకొండిగారిది.

ఇంకొక్కటి. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవారికి, కొత్త కిడ్నీని ఒళ్ళు తిరగగొట్టకుండా రాపమైసిన్ అనే మందు ఇస్తారు. రోగనిరోధకాన్ని అణిచే మందది. అదే మందును కొద్ది మోతాదులో ఎలుకలకిస్తే జ్ఞాపక కణాల సంఖ్యా, నాణ్యతా పెరిగాయని రఫీ అహ్మద్ బృందమే 2009లో చూపింది. మనిషి ఎవరూ దీనికోసం ఆ మందు వేసుకోకూడదు. నేను చెప్పేది, హడావిడి కాస్త తగ్గితే జ్ఞాపకానికి మేలన్న సంగతికి అది కూడా ఒక సాక్ష్యమని.

ఇదంతా పెన్షనర్లకెందుకు అంటారా? 2021లో మనం పడ్డ బాధ మీకు గుర్తుంది. ఆ ఏప్రిల్, మే నెలల్లో మన సంఘం సంతాప తీర్మానాలు రాసుకోవడానికే సరిపోయింది. ఆ రోజుల్లో నా మిత్రుడొకాయన టీకా రెండు డోసులూ వేయించుకుని, కొన్ని నెలలయ్యాక ప్రయివేటు ల్యాబులో యాంటీబాడీ పరీక్ష చేయించుకున్నారు. అంకె తక్కువొచ్చింది. "నాకు టీకా పట్టలేదు" అని తలుపులేసుకుని కూర్చున్నారు. మనవడి అన్నప్రాసనకు కూడా రాలేదు. ఆ పరీక్ష చూపేది నెత్తుట్లో తిరుగుతున్న యాంటీబాడీలను మాత్రమే. అవి తగ్గడం సహజం. టి కణాల జ్ఞాపకాన్ని ఆ పరీక్ష చూడదు, చూడలేదు. 2003లో సార్స్ జబ్బు పడి లేచినవారిలో పదిహేడేళ్ళ తర్వాత కూడా దాని టి కణాలు కనబడ్డాయని 2020లో సింగపూర్ శాస్త్రజ్ఞులు రాశారు. మన కోవాక్సిన్ వేసుకున్నవారిలో ఆరు నెలలకు కూడా జ్ఞాపక టి కణాలున్నాయని ఢిల్లీలోని జాతీయ రోగనిరోధక శాస్త్ర సంస్థవారు 2022లో చూపారు. టి కణాలు రోగం సోకకుండా ఆపలేకపోవచ్చు. సోకినాక అది ఊపిరితిత్తుల దాకా ముదరకుండా అడ్డుపడతాయి. బూస్టరు వేయించుకోమంటే వేయించుకోవాలి, అది వేరే మాట. అంకె చూసుకుని కుంగిపోవలసిన పని మాత్రం లేదు.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. 'రోగనిరోధక శక్తి పెంచుకోండి' అని పొడులు, కషాయాలు, డబ్బాలు అమ్మేవారు ఎక్కువయ్యారు. పెంచడం ఏమిటి, ఎంత పెంచాలి అని వారిని అడగండి. కరోనాలో చాలామంది ప్రాణాల మీదికి తెచ్చింది నిరోధకం తక్కువై కాదు, ఒళ్ళు పంపుకున్న తాఖీదులు అదుపు తప్పి. సైటోకైన్ తుపాను అని పత్రికల్లో చదివాం. దాన్ని అణచడానికే డెక్సామెథసోన్ అనే చవక స్టెరాయిడు పనికొచ్చింది. 2020 జూన్‌లో ఇంగ్లండు పరీక్షల్లో తేలిందేమంటే, ఆక్సిజన్ అవసరమైనవారిలో అది మరణాలు తగ్గించింది. ఆక్సిజన్ అవసరం లేనివారికి ఏ మేలూ చేయలేదు. అయినా రెండో విడతలో ఎంతమంది మందుల షాపులో అడిగి, జ్వరం వచ్చిన మొదటి రోజు నుంచే ఆ మాత్రలు మింగారో మీకు తెలుసు. హెచ్చరిక ఎగరవలసిన రోజున జెండా కర్రే పీకేసినట్టయింది. తర్వాత బ్లాక్ ఫంగస్ అన్నారు, షుగర్లు పెరిగాయన్నారు. నాకిప్పటికీ కోపమే. మాత్రలు మింగినవారి మీద కాదు, నాలుగు మాటలు చెప్పేవారు లేకపోయినందుకు.

టీకాలు చేసేవారు ఈ తాఖీదుల రహస్యాన్ని బాగా వాడుకుంటున్నారు. హైదరాబాదులో తయారైన రెండు కరోనా టీకాలనే చూడండి. భారత్ బయోటెక్‌వారి కోవాక్సిన్‌లో చచ్చిన వైరస్‌తోపాటు పటిక జాతి పదార్థం ఉంటుంది, దానికి అంటించి ఇంకొక పదార్థం కలిపారు. 1953 నుంచీ ఉన్న బయొలాజికల్ ఇ. సంస్థవారి కోర్బెవాక్స్‌లో వైరస్ ముక్కతోపాటు వేరొక పదార్థం కలిపారు. 2022లో పన్నెండేళ్ళు దాటిన మన మనవలకు బడుల్లో వేసింది ఇదే. ఈ కలిపినవాటికి వైరస్‌తో సంబంధం లేదు. 'వచ్చింది నిజమైన ప్రమాదమే' అని ఒంటికి నమ్మకం కలిగించి, సరైన సైటోకైన్లను విడుదల చేయించడమే వాటి పని. దస్తావేజు ఎంత సక్రమంగా ఉన్నా స్టాంపు లేకపోతే సబ్‌రిజిస్ట్రారు తీసుకోడు కదా.

మన వయసువారికి దీని ఫలం స్పష్టంగా తెలిసేది సర్పి జబ్బులో. నడుము చుట్టూనో, ఛాతీ ఒకవైపునో, నుదుటి మీదో పట్టీలాగా పొక్కులు లేచి, నిప్పులు పోసినట్టు మంట పుడుతుంది. కొత్తగా అంటుకునేది కాదది. చిన్నప్పుడు మనకు పోసిన ఆటలమ్మ వైరస్సే వెన్నుపూస పక్కన నరాల్లో అరవై ఏళ్ళు దాక్కుని ఉంటుంది. ఇన్నాళ్ళూ దాన్ని కదలకుండా కాపలా కాసింది జ్ఞాపక టి కణాలు. వయసు మీదపడి ఆ కాపలా పలచబడ్డప్పుడు బయటికి వస్తుంది. అప్పుడు యాంటీబాడీలు లేక కాదు. యాంటీబాడీలు ఉంటూనే ఉంటాయి, టి కణాలు చాలవు. మాతో పనిచేసిన అమలాపురం పెద్దమనిషికి వచ్చింది. మంత్రం వేయించారు, పసరు పూయించారు. పొక్కులు మాడిపోయాయి. నొప్పి మాత్రం ఎనిమిది నెలలు ఉంది. చొక్కా తగిలితే ఓర్చుకోలేకపోయేవారు. చెయ్యెత్తి దణ్ణం పెట్టే మనిషి, రాత్రిళ్ళు గోడకు తల కొట్టుకునేవారని వారి శ్రీమతి మాతో చెప్పి కంటతడి పెట్టుకున్నారు. పొక్కులు కనబడ్డ మూడు రోజుల లోపల డాక్టరు దగ్గరకు వెళ్తే వైరస్‌ను అణిచే మాత్రలు బాగా పనిచేస్తాయి. దయచేసి ఇది ఇంట్లో అందరికీ చెప్పండి.

దీనికి టీకా కూడా ఉంది. అమెరికాలో 2006లో వచ్చిన మొదటి టీకా, బలహీనపరచిన బతికున్న వైరస్‌తో చేసింది. సగంమందినే కాపాడింది. వయసు పెరిగినకొద్దీ ఇంకా తక్కువ. 2017లో వచ్చిన రెండోది వైరస్ పైనున్న ఒక్క మాంసకృత్తుతో చేసింది. కాని దాంతోపాటు రెండు పదార్థాలు కలిపారు. ఒకటి బాక్టీరియా పైపొర నుంచి తీసింది. రెండోది చిలీ దేశంలో పెరిగే ఒక చెట్టు బెరడు నుంచి తీసింది. మన కుంకుడుకాయలాగే ఆ బెరడు నురగ వస్తుంది. ఈ రెండూ కలిసి గట్టి తాఖీదులు పంపిస్తాయి. పరీక్షల్లో డెబ్బై దాటినవారిలో కూడా నూటికి తొంభై వంతుల దాకా సర్పి రాకుండా ఆపింది. ముసలి ఒంటికి కొత్త పాఠం ఎక్కదని అనేవారికి ఇదే సమాధానం. చెప్పే పద్ధతిలో చెబితే ఎక్కుతుంది. 2023 నుంచి మన దేశంలో దొరుకుతోంది. రెండు డోసులు, రెండు నుంచి ఆరు నెలల తేడాతో. ఖరీదు ఎక్కువ, పెన్షనరుకు భారమే. మెడికల్ రీయింబర్స్‌మెంటు జాబితాలో ఇలాంటి టీకాలు చేర్చమని మన సంఘం ఒక మహజరు పెట్టాలని ఈ సభలో ప్రతిపాదిస్తున్నాను. బలపరిచేవారు చెయ్యెత్తండి. సంతోషం.

ఇక వయసు సంగతి. థైమస్ అనే ఆ తర్ఫీదు బడి యవ్వనం దాటగానే కుంచించుకుపోతుంది. మన వయసుకు దాదాపు కొవ్వే మిగులుతుంది. కొత్త కణాల భర్తీ దాదాపు ఆగిపోయింది, మన ఆఫీసుల్లో ఖాళీల్లాగే. పాతవాటితోనే పని నడపాలి. దానికితోడు ముసలితనంలో ఒంట్లో ఎక్కడో ఓచోట సన్నటి మంట ఆరకుండా ఉంటుంది. షుగరు అదుపులో లేకపోవడం, పొగ, చిగుళ్ళ జబ్బు, పొట్ట కొవ్వు, వీటివల్ల తాఖీదులు కొద్దికొద్దిగా రోజంతా తిరుగుతూనే ఉంటాయి. మొదటి హెచ్చరిక ఏడాది పొడుగునా ఎగిరితే ఎవరు పట్టించుకుంటారు? అసలు వరద వచ్చినప్పుడు కూడా పట్టించుకోరు. అందుచేత చుట్ట మానమనడం, చిగుళ్ళు చూపించుకోమనడం చాదస్తం కాదు. ఫ్లూ టీకా ఏటా, న్యుమోనియా టీకా డాక్టరు చెప్పిన ప్రకారం వేయించుకోండి.

ప్రసంగానికి ముందు భీమవరం నుంచి వచ్చిన ఒక సోదరి చీటీ పంపారు. కీళ్ళవాతానికి మెథోట్రెక్సేట్ వాడుతున్నారట, టీకా వేయించుకోవచ్చా అని అడిగారు. అమ్మా, మీ ఊరి పేరుతోనే ఆ మందుకు సంబంధం ఉంది. 1895లో భీమవరంలో పుట్టి, ఈ రాజమండ్రిలో బడికెళ్ళిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారి ఆధ్వర్యంలో అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో తయారైన అమినోప్టెరిన్‌కు ఇది తమ్ముడి వరస. చీలే కణాలకు కావలసిన ఫోలిక్ ఆమ్లాన్ని పనిచేయనివ్వదు. అందుకే అది ఎక్కువ మోతాదులో క్యాన్సరుకూ, తక్కువ మోతాదులో కీళ్ళకూ పనికొస్తుంది. టీకాకు ప్రతిస్పందనను కూడా అదే తగ్గిస్తుంది. కరోనా బూస్టరు తర్వాత రెండు వారాలు ఈ మందు ఆపినవారిలో యాంటీబాడీలు రెట్టింపు దాకా వచ్చాయని 2022లో ఇంగ్లండులో చూశారు. ఆపడం వల్ల కొందరికి కీళ్ళ నొప్పులు తిరగబెట్టాయి కూడా. కాబట్టి చచ్చిన వైరస్‌తోనో, వైరస్ ముక్కతోనో చేసిన టీకాలు మామూలుగా వేయించుకోవచ్చు. మాత్ర ఆపాలా వద్దా అన్నది మీ డాక్టరే నిర్ణయించాలి, మీరుగా ఆపకండి.

ఇంకొక్క మాట, ఇది ఆ మాత్ర వాడే అందరికీ. కీళ్ళకోసం ఇచ్చే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారి మాత్రమే వేసుకోవలసింది. పొరబాటున రోజూ వేసుకుంటే మూలుగలో కణాలు పుట్టడం ఆగిపోయి ప్రాణం మీదికి వస్తుంది. డబ్బా మీద ఏ వారమో తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి అంటించండి. సోమవారమైతే సోమవారం అని. కళ్ళు కనబడనివారికి కోడలో కొడుకో ఆ రోజున చేతిలో పెట్టాలి.

భోజనాలు సిద్ధమయ్యాయని కార్యదర్శిగారు చేయి ఊపుతున్నారు.